మేడ మీది నవ్వుల గదికి వెళ్తున్న అమ్ములుకి

చిరంజీవి అమ్ములుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ నిన్న రాత్రి చదివాను. ఆఫీసు స్నేహితులు శనివారం బెంగళూరు ఇందిరానగర్‌లో పబ్బు మీద ఉన్న కామెడీ థియేటర్‌కి రమ్మన్నారని, టికెట్ కూడా తీసేశారని, అప్పటినుంచి నీకు టెన్షన్‌గా ఉందని రాశావు. పబ్బు అంటే నాన్న ఏమంటారో, తాగనిదాన్ని అక్కడేం చెయ్యాలి, స్టేజీ మీదివాళ్ళు నన్ను ఏదైనా అంటే ఎలా అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. బ్యాంకులో ఉన్న రోజుల్లో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా, నెలకు ఒకటి రెండుసార్లు నేను అలాంటి గదుల్లో కూర్చుంటున్నాను. నాకు చాలా ఇష్టమైన చోటు అది. నీకూ ఇష్టం కావాలని నా ఆశ.

ముందు నాన్న సంగతి. చెప్పకుండా మాత్రం వెళ్ళకు. ఉన్నదున్నట్టు చెప్పు. కింద పబ్బు ఉంటుంది, దాని పక్క మెట్లెక్కితే పైన చిన్న గది, అందులో కుర్చీలేసుకుని మనుషులు చెప్పే కబుర్లు వింటారు, పెద్దమ్మ ఎన్నోసార్లు వెళ్ళింది అని చెప్పు. మా మరిది కోపిష్ఠి కాడు, తెలియకపోతేనే భయపడతాడు. తాగడం గురించి అయితే అసలు ఆలోచించకు. ఒక ఫ్రెష్ లైమ్ సోడా చెప్పుకుని గంటన్నర కూర్చోవచ్చు, నేను ఎప్పుడూ చేసేది అదే. నిన్ను ఎవరూ వింతగా చూడరు. గుమ్మం దగ్గర 21 ఏళ్ళు నిండాయా అని కార్డు అడుగుతారు కాబట్టి ఆధార్ గానీ లైసెన్సు గానీ పెట్టుకో.

టికెట్ మీద ఏమని ఉందో ఒకసారి చూడు. ఏ రకం షో అన్నదాన్ని బట్టే మనం ఏం ఆశించాలో ఉంటుంది. ఓపెన్ మైక్ అని ఉంటే పదిమందో పన్నెండు మందో వస్తారు, తలా నాలుగైదు నిమిషాలు. వాళ్ళలో కొందరు జీవితంలో మొదటిసారి మైకు పట్టుకునేవాళ్ళు. లైనప్ షో అయితే కొంత అనుభవం ఉన్న నలుగురైదుగురు, ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాలు. ట్రయల్ షో అంటే ఒక్కరే గంటసేపు మాట్లాడతారు, కానీ అది ఇంకా ఉడుకుతున్న వంట. చేతిలో కాగితం చూసుకుంటూ చెప్తారు, ఒక జోకు పేలకపోతే అక్కడే గీత కొట్టేసుకుంటారు. అది చూసి డబ్బు దండగైందని అనుకోకు. అదే షో ఏడాది తర్వాత పెద్ద హాల్లో ఇంకో ధరకి వస్తుంది, ఆ రోజు నువ్వు అది పుట్టడం చూశానని గుర్తు చేసుకుంటావు. నాకైతే ట్రయల్ షోలే అన్నిటికన్నా ఇష్టం.

థియేటర్ అన్నారని రవీంద్ర కళాక్షేత్రంలాంటి పెద్ద హాలు ఊహించుకోకు. యాభై, అరవై కుర్చీలు ఉంటాయి. పైకప్పు చేతికి అందేటంత కిందకి ఉంటుంది. ఒక మైకు, ఒక ఎత్తు స్టూలు, ఒక నీళ్ళ సీసా. వెనక గోడకి చాలాచోట్ల ఇటుకల బొమ్మ ఉన్న కాగితం అంటించి ఉంటుంది. 1963లో న్యూయార్క్‌లో బడ్ ఫ్రీడ్‌మన్ అనే ఆయన ఇంప్రొవ్ అనే కామెడీ క్లబ్బు తెరిచినప్పుడు గోడకి పూత వేయించడానికి డబ్బు లేక ఇటుకల్ని అలాగే వదిలేశాడంటారు. అదే ఇప్పుడు ప్రపంచమంతా గుర్తైపోయింది. మేడ మీది గది అలవాటు మాత్రం ఇంగ్లండ్‌ది. అక్కడ పబ్బుల పైగదుల్లో నాటకాలు వేసుకోవడం మామూలే. 1979లో లండన్ సోహోలో ది కామెడీ స్టోర్ మొదలైంది కూడా ఒక క్లబ్బు పైన ఉన్న గదిలోనే. అదే పేరుతో 2010లో ముంబయిలో ఒకటి తెరిచారు. మన బెంగళూరులో ఇది నిలదొక్కుకోవడానికి కారణం ఇంకా సాదాది. మంగళవారం, బుధవారం పబ్బు పై అంతస్తు ఖాళీగా పడి ఉంటుంది. మాట్లాడాలనుకునే కుర్రాళ్ళకి గది కావాలి, పబ్బువాళ్ళకి నాలుగు బల్లలు నిండాలి. ఆ బేరం మీదే ఎన్నో గదులు నడుస్తున్నాయి.

గది అంత చిన్నదిగా ఎందుకుండాలి అంటే నాకు మన ఊరు గుర్తొస్తుంది. నా చిన్నప్పుడు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నుంచి తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చేవాళ్ళు. రామాయణం నడుస్తుంటే మేం పిల్లలం అమ్మ ఒళ్ళో నిద్రపోయేవాళ్ళం. తెర మీదికి నవ్వించే బొమ్మలు కేతిగాడు, బంగారక్క రాగానే ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చునేవాళ్ళం. తెర వెనక ఆడించే ఆయనకి మేం కనిపించం కదా, చాప మీద ముందు కూర్చున్నవాళ్ళ నవ్వు వినే ఆయన మాట పెంచేవాడు, నవ్వు తగ్గితే కేతిగాణ్ణి పంపేసి కథలోకి వెళ్ళేవాడు. ఇందిరానగర్ గదిలో జరిగేది కూడా అదే. లైటు కళ్ళలో కొడుతుంటుంది కాబట్టి స్టేజీ మీదున్న పిల్లకి గానీ పిల్లాడికి గానీ రెండు వరసల తర్వాత చీకటే. వాళ్ళు చెవులతోనే మనల్ని చూస్తారు. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికా శాస్త్రవేత్త నవ్వు మీద ఏళ్ళ తరబడి పనిచేసి, మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని తేల్చాడు. మోకాళ్ళు తగిలేటంత దగ్గరగా కూర్చోబెట్టడం జాగా లేక మాత్రమే కాదు. పక్కవాళ్ళ నవ్వు మన భుజానికి తెలియాలి.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే. ఆ గదిలో నువ్వు ఊరికే చూడటానికి వచ్చినదానివి కావు. యాభై మందిలో ఒకదానివి. నువ్వు వినే తీరు ఆ పూట షోలో భాగం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. చాలా ఏళ్ళ కిందట మా బ్యాంకు వాళ్ళం ఎనిమిది మందిమి కలిసి ఒక ఓపెన్ మైక్‌కి వెళ్ళాం. మంచి హుషారులో ఉన్నాం. నా పక్కన కూర్చున్నాయన కింద రెండు గ్లాసులు తాగి పైకొచ్చాడు. ఒక సన్నటి కుర్రాడు స్టేజీ ఎక్కి, వాళ్ళ నాన్న తనకి స్కూటర్ నేర్పిన కథ మొదలుపెట్టాడు. నేర్పేటప్పుడు నాన్న ప్రతిసారీ ఒకే మాట అనేవాడట. ఆ మాట వచ్చినప్పుడల్లా నా పక్కాయన గట్టిగా ఏదో జవాబు చెప్పేవాడు. మొదటిసారి అందరూ నవ్వారు, కుర్రాడూ నవ్వాడు. రెండోసారి కుర్రాడు ఆగి మర్యాదగా బదులిచ్చాడు. మూడోసారికి చెప్పేది మర్చిపోయాడు. ఇంతలో గది వెనక లైటు వెలిగింది. నీకు తెలియాలి, టైమ్ అయిపోవచ్చిందని చెప్పడానికి మన తలల వెనక ఒక చిన్న లైటు వేస్తారు, లేదా నిర్వాహకుడు ఫోన్ టార్చ్ ఎత్తి చూపిస్తాడు. లైటు చూశాక ఇంకో నిమిషమే. కుర్రాడు కథ ముగించకుండానే థాంక్యూ చెప్పి దిగిపోయాడు.

షో అయ్యాక మెట్ల దగ్గర నిలబడి ఉంటే వెళ్ళి అడిగాను, చివర ఏమైంది బాబూ అని. చెప్పాడు. వాళ్ళ నాన్న ఇప్పుడు లేడు. స్కూటర్ మాత్రం ఉంది. ఆ ఒకే మాటని ఇప్పుడు తను ఎవరికి చెప్తున్నాడో అన్నదే ఆ కథకి ముగింపు. మెట్ల దగ్గర వింటే నాకు నవ్వు రాలేదు, రాదు కూడా. నాలుగు నిమిషాలు ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ వచ్చాక చివరి ఇటుక పెడితేనే అది నిలబడుతుంది. ఆ నాలుగు నిమిషాల కోసం ఆ పిల్లాడు పగలంతా ఉద్యోగం చేసి, బొమ్మసంద్ర నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. నేను పక్కాయన మోచేతి మీద ఒక్కసారి చెయ్యి వేసి ఊరుకోండి అని ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. ఇప్పటికీ దానికి బాధపడతాను. నువ్వు మాత్రం నీ బృందంలో ఎవరైనా అలా మొదలుపెడితే మొదటిసారే చెయ్యి వెయ్యి.

అష్టావధానం చూశావు కదా, తాతయ్యతో వెళ్ళినప్పుడు. అందులో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పని అవధానిని మాటలతో పక్కదారి పట్టించడమే. కానీ ఆయనకి వేదిక మీద ఒక కుర్చీ వేశారు, అవధాని ఒప్పుకునే కూర్చున్నారు. ఈ గదిలో ఆ కుర్చీ ఎవరికీ వెయ్యరు. స్టేజీ మీదున్నవాళ్ళు నిన్ను నేరుగా అడిగితేనే మాట్లాడాలి. దాన్ని క్రౌడ్ వర్క్ అంటారు, ఎక్కువగా హోస్ట్ మొదట్లో వచ్చి చేస్తాడు. నీ పేరేంటి, ఏం చేస్తావు, ఎవరితో వచ్చావు అని అడుగుతాడు. నిజం చెప్పు, పొట్టిగా చెప్పు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తానంటే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనే చెప్పు. తెలివిగా బదులివ్వాలని ప్రయత్నించకు. నీ మామూలు జవాబులోంచే అతను నవ్వు తీస్తాడు, అది అతని విద్య. ఒక్కటి గుర్తుంచుకో. ఎక్కడుంటావు అంటే వైట్‌ఫీల్డ్ అని ఆగిపో. పీజీ పేరు, వీధి పేరు ఏ మాత్రం చెప్పకు. ఆ గదిలో నీకు తెలియనివాళ్ళు నలభై మంది ఉంటారు, షో అయ్యాక అందరూ ఒకే మెట్ల మీద దిగుతారు.

అసలు అడిగించుకోవడమే ఇష్టం లేకపోతే ముందు వరసలో కూర్చోకు. చిట్టచివర కూడా వద్దు, అక్కడ బార్ కౌంటరు చప్పుడు, వెయిటర్ల రాకపోకలు. మూడో వరసలో గోడ వైపు కుర్చీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మంచిది. ఎక్కువచోట్ల సీటు నంబర్లు ఉండవు, ముందొచ్చినవాళ్ళకి ముందు. ఎనిమిదింటి షో అయితే ఏడున్నరకే అక్కడుండు. జయనగర్‌లో ఉన్నప్పుడు మేం రంగశంకరకి వెళ్ళేవాళ్ళం. అరుంధతీ నాగ్ ఆ థియేటర్‌ని 2004లో తెరిచారు, ఆలస్యంగా వస్తే ఎవరినైనా సరే లోపలికి రానివ్వరు. నాకు ఆ నియమం చాలా నచ్చింది. పబ్బు మీది గదుల్లో అంత పట్టింపు లేదు, రానిస్తారు. కానీ తలుపు స్టేజీ పక్కనే ఉంటుంది, మాట్లాడేవాళ్ళ ముందు నుంచే నువ్వు నడిచి వెళ్ళాలి. వాళ్ళ మాట తెగుతుంది. శనివారం సాయంత్రం హండ్రెడ్ ఫీట్ రోడ్డు మీద ట్రాఫిక్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. కారు బుక్ చెయ్యకు, కాడుగోడి నుంచి మెట్రో పర్పుల్ లైన్ ఎక్కితే నేరుగా ఇందిరానగర్‌లో దిగుతావు.

ఇంకో మాట, ఆ రోజు చిన్నస్వామి స్టేడియంలో ఆర్‌సీబీ మ్యాచ్ ఉందేమో చూసుకో. కింద పబ్బులో పెద్ద తెర పెడతారు. వికెట్ పడిందంటే నేల కంపించేటంత అరుపు పైకొస్తుంది, సరిగ్గా పంచ్ వచ్చే వేళకే వస్తుంది. నాకు అలాంటి రోజుల్లో స్టేజీ మీదివాళ్ళని చూస్తే జాలేస్తుంది. మ్యాచ్ ఉంటే షో ఇంకో రోజుకి మార్చుకోండి.

ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వెయ్యి. వీడియో అసలు తియ్యకు. ఒక జోకు నిలబడటానికి వాళ్ళు నెలల తరబడి ఒక్కో మాట మారుస్తూ వేర్వేరు గదుల్లో చెప్పుకుంటారు. నీ ఫోన్‌లోంచి ఇరవై సెకన్లు బయటికి వెళ్ళిందంటే ఆ జోకు ఇక కొత్తది కాదు, వాళ్ళ శ్రమ పోయినట్టే. పైగా ముందూ వెనకా లేని ముక్క చూసి జనం ఎలాగైనా అర్థం చేసుకుంటారు. నవ్వు రాకపోతే నవ్వక్కర్లేదు, వినాలి అంతే. మధ్యలో స్నేహితురాలి చెవిలో జోకు వివరించకు. మొదట్లో విన్న చిన్న మాట ఒకటి చివర్లో తిరిగొస్తుంది, కాల్‌బ్యాక్ అంటారు దాన్ని. ఆ మొదటి మాట దగ్గర నువ్వు మెనూ చూస్తూ ఉంటే చివర గదంతా నవ్వుతుంది, నీకేమీ తెలియదు. అందుకే తినేవీ తాగేవీ షో మొదలుకాకముందే చెప్పేసుకో.

ఇప్పుడు నువ్వు అడగనిది ఒకటి చెప్తాను, ఎందుకంటే అది ఏదో ఒకరోజు వస్తుంది. మన తెలుగువాళ్ళని గుల్టీలు అంటూ ఎవరో ఒక జోకు వేస్తారు. మన ఇంగ్లీషు ఉచ్చారణని, కట్నాలని, హీరోల అభిమానులని పట్టుకుంటారు. వాటిలో కొన్ని నిజంగా బాగుంటాయి. మనలోంచే వచ్చి మన ఇంటి సంగతులు చెప్పే పిల్లలు ఉన్నారు, వాళ్ళు అంటుంటే నేను కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. కానీ మనిషిని చూడకుండా ఉచ్చారణని మాత్రమే వెక్కిరించే జోకు కూడా వస్తుంది. అప్పుడు అందరూ నవ్వుతున్నారని నువ్వు నవ్వకు. లేచి గొడవ పడకు. ఊరుకుని ముఖంలోకి చూడు. అంత చిన్న గదిలో ఒక్కరు నవ్వకపోవడం వాళ్ళకి బాగా తెలుస్తుంది, వాళ్ళు రాత్రికి ఇంటికి మోసుకెళ్ళేది అదే. షో అయ్యాక నిర్వాహకుడు గుమ్మం దగ్గరే ఉంటాడు, ఇది నాకు నచ్చలేదు అని నెమ్మదిగా చెప్పు. నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆ కుర్రాళ్ళు శ్రద్ధగా విన్నారు. ఆడవాళ్ళ గురించి చెత్తగా మాట్లాడినా ఇదే పద్ధతి. అంతకు మించి ఇబ్బందిగా ఉంటే జోకుకీ జోకుకీ మధ్య కాకుండా, ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు లేచి వచ్చెయ్యి. ఉండి తీరాలన్న బలవంతం లేదు.

కొన్నాళ్ళు పోయాక ఒక కన్నడ షోకి కూడా వెళ్ళు. లోల్‌బాగ్ అని ఇక్కడి కుర్రాళ్ళ కన్నడ బృందం ఒకటుంది, లాల్‌బాగ్ పేరుని అలా తిప్పారు. నేను హిందూపురం నుంచి ఈ ఊరొచ్చి బ్యాంకు కౌంటర్లో కూర్చుని కన్నడం నేర్చుకున్నాను, కానీ ఒక కన్నడ జోకుకి గదితో పాటు అదే క్షణంలో నవ్విన రోజున నాకు ఈ ఊరు నాదనిపించింది. నాన్నని తీసుకురావాలంటే ఓపెన్ మైక్‌కి తేవద్దు, బూతులు దొర్లుతాయి, ఆయనా నువ్వూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. ముందు రంగశంకరలో ఒక నాటకం చూపించు.

బిల్లు దగ్గర జాగ్రత్త. టికెట్ డబ్బులు షోకి మాత్రమే, తిండి వేరు. కొన్నిచోట్ల కవర్ చార్జి అని ముందే తీసుకుని తిన్నదాంట్లో మినహాయిస్తారు, గుమ్మం దగ్గరే అడిగేసుకో. బిల్లులో సర్వీస్ చార్జి అని కలిపి ఉంటే తీసెయ్యమని అడుగు. వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే దాన్ని తప్పనిసరిగా వెయ్యకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నిలబెట్టింది. ఒకసారి ఒకచోట మాకు తినని పళ్ళెం ఒకటి బిల్లులో కలిపారు, చీకట్లో చూసుకోకుండా కట్టేశాం. విరామంలో వెలుతురు ఉన్నప్పుడు బిల్లు తెప్పించుకుని చూసి కట్టెయ్యి. చివరి మనిషి మాట్లాడుతుంటే నీ బల్ల దగ్గర కార్డు మిషన్ కూతపెట్టకూడదు.

పైకి వెళ్ళగానే కూర్చోకముందు ఒక పని చెయ్యి. బయటికి ఇంకో దారి ఎక్కడుందో చూడు. మేడ మీది గదులకి మెట్లు ఇరుకు. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్‌లో పై అంతస్తు రెస్టారెంట్లలో మంటలంటుకుని 14 మంది పోయారు, వాళ్ళలో చాలామంది నీ వయసువాళ్ళే. రెండో దారి తాళం వేసి ఉన్నా, దానికి అడ్డంగా బీరు పెట్టెలు పేర్చి ఉన్నా నిర్వాహకుడికి చెప్పు. మార్చకపోతే టికెట్ డబ్బులు పోయినా సరే కిందకి వచ్చెయ్యి.

షో అయ్యాక స్టేజీ ఎక్కినవాళ్ళు కింద మెట్ల దగ్గరే తచ్చాడుతుంటారు. ఎవరి మాటైనా నచ్చితే వెళ్ళి చెప్పు. బాగా చేశారు అని ఊరుకోకుండా ఏ మాట నచ్చిందో ఆ మాట చెప్పు. కొత్తవాళ్ళకి దాని విలువ ఎంతో నేను కళ్ళారా చూశాను. ఆ స్కూటర్ కుర్రాడు మళ్ళీ రెండేళ్ళకి ఇంకో గదిలో కనిపించాడు, అదే కథ చెప్పాడు, ఈసారి చివరిదాకా చెప్పాడు. గది ఒక క్షణం నిశ్శబ్దంగా ఉండి తర్వాత ఒక్కసారిగా నవ్వింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

రాత్రి పది దాటుతుంది, ఒక్కదానివే కాడుగోడి దాకా వెళ్ళకు. మెట్రో పదకొండు దాటితే నమ్మలేం. నమ్మ యాత్రి యాప్‌లో ఆటో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్యి, ఎక్కగానే నంబరు నాకు పంపు. పెదనాన్న మేలుకునే ఉంటారు. పెరుగన్నం, గోంగూర పచ్చడి బల్ల మీద పెట్టి ఉంచుతాను. ఆదివారం పొద్దున ఎవరెవరు ఏం చెప్పారో నాకు వరసగా చెప్పాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ